కొబ్బరి నీళ్ళు తాగిన రోజు

మా ఆయనకు కిడ్నీలు పాడైపోయాయని డాక్టరు చెప్పిన రోజు మేమిద్దరం ఏడవలేదు. పలాసలో చెరో టీ తాగి, ఆటో ఎక్కి ఊరికి వచ్చేశాం. ఉద్దానంలో పుట్టినవాళ్ళకు ఆ కబురు కొత్త కాదు. మా వీధిలో అప్పటికే నలుగురు అదే జబ్బుతో పోయారు. వాళ్ళలో మా మామ ఒకడు, అంటే మా ఆయన తండ్రి. మా దగ్గర అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా క్రియాటినిన్ అన్న మాట నోరు తిరుగుతుంది. రక్త పరీక్షలో ఆ అంకె ఒకటి దాటి పెరుగుతుంటే కిడ్నీలు పోతున్నట్టే. ఎవరి అంకె ఎంతకు వచ్చిందో పెళ్ళి భోజనాల దగ్గర కూడా మాట్లాడుకుంటారు.

ఆయన కొబ్బరి దింపు తీసే మనిషి. మీసాలు రాకముందు నుంచే చెట్లెక్కాడు. పాదాలకు తాడు బందం వేసుకుని, నడుముకు కత్తి దోపుకుని, ఎంత పొడుగు చెట్టయినా మెట్లెక్కినంత సులువుగా ఎక్కేవాడు. నా మేనత్త కొడుకు కాబట్టి చిన్నప్పటి నుంచీ బావా అనే పిలిచేదాన్ని, పెళ్ళయ్యాకా అదే పిలుపు. ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. నేను పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తాను, ఇప్పటికీ అదే పని. పిక్క కొట్టి పప్పు తీస్తాం. జీడి రసం పడి నా వేళ్ళ కొసలు నల్లగా కాలిపోయి ఉంటాయి. మాకు పిల్లలు లేరు. ఇంట్లో మేమిద్దరం, మా అత్త, అంతే.

జబ్బు తెలిసిన మొదటి ఏడాది మందులతో గడిచింది. రెండో ఏడాది డయాలసిస్ మొదలైంది. మంగళవారం, శుక్రవారం ఇద్దరం పలాస వెళ్ళేవాళ్ళం. ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేసి సూదులు గుచ్చడానికి నరం సిద్ధం చేశారు. ఆ నరం మీద చెయ్యి వేస్తే లోపల తేనెటీగ తిరుగుతున్నట్టు గుయ్యిమంటుంది. నాలుగు గంటలు ఆయన మంచం మీద పడుకునేవాడు, నేను బయట వరండాలో కూర్చునేదాన్ని. ఆయన చెప్పులు పోకుండా నా ఒళ్ళో పెట్టుకునేదాన్ని.

అన్నిటికంటే కష్టం నీళ్ళు. ఒంట్లోకి పోయిన నీరు బయటకు రాదు కాబట్టి రోజుకు ఇంతే తాగాలని కొలిచి చెప్పారు. చిన్న స్టీలు గ్లాసుతో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, మందులకు సగం, సాయంత్రం ఒకటి. ఎండాకాలంలో నాలుక పిడచగట్టుకుపోయి మాట కూడా తడబడేది. ఇంకో మాట కూడా గట్టిగా చెప్పారు. కొబ్బరి నీళ్ళు ముట్టుకోకూడదు. అందులో ఉండే పొటాషియం ఒంట్లో పేరుకుని గుండె ఆగిపోతుందట. అది విని ఆయన నవ్వాడు. జీవితమంతా కొబ్బరి చెట్టు మీద బతికిన మనిషికి ఆ నీళ్ళే విషమయ్యాయి.

మొదట్లో మేం బాగుచేయమనే ప్రార్థన చేశాం. చర్చి అంతా చేసింది. ఉపవాసాలున్నాం. పాస్టరుగారు పెద్దాయన, దాదాపు ముప్పై ఏళ్ళుగా ఇదే ఊళ్ళో ఉండేవారు. ఆయన వచ్చి మా ఆయన తల మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఈసారి పరీక్షలో అంకె తగ్గుతుందని ఎదురుచూసేదాన్ని. తగ్గలేదు. కాగితం చూసుకున్న ప్రతిసారీ నా లోపల ఏదో ఒకటి మూసుకుపోయేది. బయటకు మాత్రం స్తోత్రం అనేదాన్ని.

మూడో ఏడాది తుపాను వచ్చింది.

గురువారం చీకటి పడే వేళకు మొదలైన గాలి శుక్రవారం పొద్దున్నకు గానీ ఆగలేదు. ముగ్గురం వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాం. రేకులు లేచిపోయాయి. తెల్లారి బయటకు వచ్చి చూస్తే మాకు ఊరు అర్థం కాలేదు. ఎప్పుడూ కొబ్బరి ఆకుల మధ్య ముక్కలు ముక్కలుగా కనిపించే ఆకాశం నేల దాకా తెరుచుకుని ఉంది. చెట్లన్నీ ఒకే వైపుకు పడున్నాయి. జీడి చెట్లు వేళ్ళతో సహా తిరగబడ్డాయి. ఇంతకుముందు ఎప్పుడూ కనబడని సముద్రం మా గుమ్మంలోంచి కనబడింది. చర్చి పైకప్పు లేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. "ఒక్కటీ మిగల్నేదే," అన్నాడు.

ఆ రోజు శుక్రవారం, డయాలసిస్ రోజు. రోడ్డు మీద అడుగడుగునా చెట్లు. స్తంభాలు పడిపోయాయి, కరెంటు లేదు, ఫోన్లు పనిచెయ్యలేదు. రేపటికైనా దారి తెరుస్తారనుకున్నాం. శనివారం కూడా తెరవలేదు. ఊళ్ళో మోటారు తిరగదు, నుయ్యి నిండా ఆకులూ చెత్తా. అందరూ నేల మీద పడున్న బొండాలే కొట్టుకు తాగారు. పిల్లలు, ముసలివాళ్ళు, ఎవరి చేతిలో చూసినా బొండామే. మా ఇంట్లో ఒక బిందెడు నీళ్ళు ఉన్నాయి. ఆయన వాటా చిన్న గ్లాసు ఇంకాస్త తగ్గించి ఇచ్చాను, ఎందుకంటే మెషిను ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. శనివారం సాయంత్రానికి కాళ్ళు వాచాయి, మొహం ఉబ్బింది. పడుకుంటే ఊపిరి ఆడక కూర్చునే ఉన్నాడు.

ఆదివారం పొద్దున్నే రోడ్డు సంగతి కనుక్కుందామని ఊరి చివరి దాకా వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆయన ఇంట్లో లేడు. పెరటి వైపు పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో కత్తి ఉంది. కాళ్ళ దగ్గర కొట్టిన బొండాలు పడున్నాయి.

"ఎన్ని తాగినావు?" అన్నాను.

"నెక్కెట్నేదు. ఐదో, ఆరో."

"నీకు మతుండే తాగినావా బావా?"

"దాకం ఏత్తంది. మూడ్రోజుల్నించి నోరెండిపోతంది. ఊరంతా తాగతన్నారు. నానెక్కిన సెట్లు ఇయి. ఇలగ పడిపోనాయి. ఓ గుక్క తాగుదునని కొట్టినాను. ఆపలేకపోనాను."

అప్పుడు నా నోటి నుంచి ఆ మాట వచ్చింది. "అయితే సావు. నీకోసం మూడేళ్ళ నుంచి నా పేణం తోడేసుకున్నాను. ఇంక నా వల్ల కాదు. సావు."

ఆయన కత్తిని లుంగీకి తుడిచి, మొద్దు మీద జాగ్రత్తగా పెట్టాడు.

గంట గడిచేసరికి లేవబోయి కూలబడ్డాడు. "కాళ్ళు రావట్నేదే," అన్నాడు. చేతులు కూడా బరువెక్కాయన్నాడు. మణికట్టు పట్టుకుని చూశాను. నాడి కొట్టి, ఆగి, మళ్ళీ ఎప్పటికో కొట్టింది. నేను బిగుసుకుపోయాను. అరిచింది మా అత్త. ఆ అరుపు విని మా పక్క వీధి మాస్టారు పరుగెత్తుకొచ్చాడు.

మాస్టారు స్కూల్లో లెక్కలు చెప్తాడు. వాళ్ళు రామాలయానికి వెళ్ళేవాళ్ళు, మా చర్చివాళ్ళు కాదు. ఆయన భార్య రెండేళ్ళ కింద ఇదే జబ్బుతో పోయింది. కాబట్టి ఆయనకు ఏదీ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది. బొండాలు చూశాడు, మా ఆయన మొహం చూశాడు. "సుమ్మాదేవి దాకా మోసుకుపోతే అక్కడి నుంచి పలాసకి ఏదో ఒకటి దొరుకుతాది. బేగి. మంచం తియ్యండి," అన్నాడు.

వీధిలో ఉన్న మగవాళ్ళంతా వచ్చారు. మంచానికి రెండు వైపులా వెదుళ్ళు కట్టారు. బయలుదేరే ముందు మా అత్త మంచం కోడు పట్టుకుని ఒక్క నిమిషం ఆగమంది. ఆమెకు చదువు రాదు. చర్చిలో ఎప్పుడూ నోరు విప్పి ప్రార్థన చేసిన మనిషి కాదు. ఆ రోజు గట్టిగా చేసింది.

"అయ్యా, నా మొగుడ్ని తీసుకున్నావు, నానేటీ అన్నేదు. ఈడి రోగం బాగుసెయ్యమని అడగతన్నానని అనుకోకు. అది నీ ఇట్టం. ఈ మంచం మోసినోల్ల బుజాలకి సత్తువియ్యి. నా కోడలి కాళ్ళకి సత్తువియ్యి. దారి సూపించు. అంతే. ఆమేన్."

మాస్టారు కూడా కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. తర్వాత "పట్టండి" అన్నాడు.

మామూలు రోజైతే ఆ దారి ఆటోలో ఎంతోసేపు పట్టదు. ఆ రోజు రోడ్డు మీద పది అడుగులకొక చెట్టు. ఒక్కో చెట్టు దగ్గర మంచం కిందికి దించాలి. ఇద్దరు మొద్దు ఎక్కి అవతలికి దిగాలి. ఇవతలివాళ్ళు ముందు కోళ్ళు ఎత్తి మొద్దు మీదకు జరపాలి, అవతలివాళ్ళు అందుకోవాలి. ఆయన జారిపోకుండా నేను నడుము పట్టుకోవాలి. దాటాక మళ్ళీ భుజాలకెత్తాలి. నాలుగు అడుగులు నడిచేసరికి ఇంకో చెట్టు.

మధ్యలో ఒక చోట ఆయన కళ్ళు తెరిచాడు. "ఒలే, పాద్దన సెయ్యవా," అన్నాడు. ఎప్పుడు బాగా నొప్పి వచ్చినా ఆయన అడిగేది ఆ ప్రార్థనే. నేను చేస్తే తగ్గుతుందని ఆయన నమ్మకం. రెండు గంటల కింద చావమన్న నోటితో ఏమని అడగను? దేవుడు విన్నాడనే అనుకున్నాను. నేను అన్న మాటే ముందు విన్నాడు, అదే జరిపిస్తున్నాడు అనుకున్నాను. నా భయమంతా అదే.

ప్రార్థన చెయ్యకుండానే ఇంకో చెట్టు దాటాం. దాని తర్వాత పెద్ద మొద్దు ఒకటి అడ్డం వచ్చింది. మోసేవాళ్ళలో ఒకతను కాలు జారి మోకాలు కొట్టుకున్నాడు. మంచం ఒరిగింది. ఆయన బరువంతా నా చేతుల మీద పడింది. అప్పుడు నాకు తెలియకుండానే "తండ్రీ, ఈ సెట్టు దాటించు" అన్నాను. దాటాం. ఇంకో చెట్టు వచ్చింది. దానికీ అదే మాట అన్నాను. బాగుచెయ్యి అనలేదు, బతికించు అనలేదు, క్షమించు అని కూడా అడగలేదు. అంత పెద్ద ప్రార్థనలకు నా దగ్గర విశ్వాసం మిగల్లేదు. ముందున్న చెట్టు దాటడానికి సరిపడా బలం అడిగాను. అది మాత్రం దొరికింది. ఎలా దొరికిందని అడిగితే చెప్పలేను. నేను బక్కమనిషిని. ఆ రోజు నా చేతులు నావి కావు.

దారిలో ఒక ఊరి దగ్గర కొందరు తమ ఇంటి మీద పడ్డ చెట్టు నరుక్కుంటున్నారు. మంచం చూసి రంపాలు అక్కడే పడేసి వచ్చారు. ఎవరు, ఏటి అని అడక్కుండా మావాళ్ళ భుజాల కింద నుంచి వెదుళ్ళు అందుకున్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన నా వైపు చూసి, "నీళ్ళు తాగినావేటమ్మా నువ్వు?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్నుంచి తాగలేదని. ఆయన బొండాం కొట్టి చేతిలో పెట్టాడు. మా ఆయన మంచం మీద నుంచి చూస్తుండగా నేను తాగలేకపోయాను. పక్కవాళ్ళకు ఇచ్చేశాను.

సుమ్మాదేవి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి పలాస వైపు అప్పుడే దారి తెరుస్తున్నారు. ఒక ట్రాలీ ఆటో అతను మంచంతో సహా ఎక్కించుకున్నాడు. పలాసలో కరెంటు లేదు. డయాలసిస్ గదిలో నీళ్ళు శుద్ధి చేసే యంత్రం ఆగిపోయి ఉంది. మమ్మల్ని ఎరిగిన నర్సమ్మ మంచం దగ్గరకే వచ్చింది. పొద్దున్న ఏం తాగాడో అడిగింది. ఛాతీకి వైర్లు పెట్టి గుండె పరీక్ష తీయించింది, కాగితం చూసి డాక్టరు కోసం పరుగెత్తింది. ఏవో ఇంజక్షన్లు ఇచ్చారు. "టెక్కలిలో జనరేటరు మీద మెషిను నడుస్తోంది, అంబులెన్సులో పంపిస్తున్నాం" అన్నారు.

టెక్కలిలో మెషిను మీదకు ఎక్కించేటప్పటికి ఆయనకు స్పృహ సగమే ఉంది. నాలుగు గంటలు అన్నది ఐదు గంటలు నడిపారు. నేను తలుపు దగ్గర నేల మీద కూర్చున్నాను. అంబులెన్సులో మాతోనే వచ్చిన మాస్టారు నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన రెండు భుజాల మీదా వెదురు ఒరుసుకుని చొక్కాకు రక్తం అంటింది. "మా ఇంటావిడిని ఇలా మొయ్యాల్సి రాలేదమ్మా," అన్నాడు. "అప్పుడు రోడ్లన్నీ బాగానే ఉన్నాయి. అయినా మనిషి దక్కలేదు."

మర్నాడు పొద్దున ఆయన లేచి కూర్చున్నాడు. మొహం వాపు దిగింది. నేను పక్కనే నిలబడి, "బావా, నిన్న నానన్న మాట మనసులో ఎట్టుకోకు," అన్నాను.

"ఏ మాట?"

"సావమన్నాను."

"అలగన్నావా? నాకినబడ్నేదు," అన్నాడు. అని కిటికీ వైపు తిరిగాడు. విన్నాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. మళ్ళీ ఎప్పుడూ మా మధ్య ఆ మాట రాలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర కంటే కొంచెం తక్కువే బతికాడు. చెట్లు లేవు కాబట్టి దింపు పని ఎలాగూ లేదు. పెరట్లో కొత్త కొబ్బరి మొక్కలు ఆరు పాతాడు. పైకప్పు వేశాక చర్చిలో ఒక్కసారి డోలక్ ముందు కూర్చున్నాడు. ఎడమ చెయ్యి సహకరించక మధ్యలో ఆపేశాడు. ఎండాకాలంలో ఒక మంగళవారం మెషిను మీద ఉండగానే, మూడో గంటలో, బీపీ పడిపోయింది. నన్ను లోపలికి పిలిచేసరికి డాక్టరు ఆయన గుండె మీద రెండు చేతులూ పెట్టి నొక్కుతున్నాడు. చాలాసేపు నొక్కాడు. తర్వాత ఆపి గడియారం చూశాడు. ఆయన చెప్పులు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి.

సమాధి అయిన వారానికి వేరే ఊరి నుంచి ప్రార్థన చేసేవాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, మీరు సంపూర్ణంగా నమ్మి ఉంటే దేవుడు విడిచిపెట్టేవాడు కాదమ్మా అంది. మా అత్త గుమ్మంలో కూర్చుని ఉంది. చీపురు కోసం చెయ్యి చాపి, "లెగండి," అంది. "నమ్మడవంటే ఏటో మీకేటెరిక? మీ ఇంట్లో ఎవులు సచ్చినారు? లెగండి."

వాళ్ళు వెళ్ళిపోయారు గానీ ఆ మాట నాలో ఉండిపోయింది. దానికి తోడు నేనన్న మాట ఎలాగూ ఉంది. ఏడు నెలలు చర్చికి వెళ్ళలేదు. ఇంట్లో అత్త పాట ఎత్తుకుంటే నేను బయటకు వెళ్ళి గిన్నెలు తోముకునేదాన్ని. ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతూ రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా గడిపేదాన్ని.

ఒక సాయంత్రం పాస్టరుగారు వచ్చారు. నన్ను చర్చికి రమ్మంటారనుకుని మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని, సంచిలోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టారు. రక్త పరీక్ష కాగితం. నేను అంకె చూశాను. ఆయన వయసుకు, ఆ అంకెకు, ముందున్న దారి ఏమిటో నాకు తెలుసు.

"ఇంట్లో ఇంకా చెప్పలేదమ్మా," అన్నారు. "ముప్పై ఏళ్ళు అందరి తల మీదా చెయ్యి పెట్టాను. నాకు ఎవరు పెడతారా అని ఆలోచిస్తే నువ్వే గుర్తొచ్చావు. నాకోసం ప్రార్థన చెయ్యి."

"నాను సెయ్యలేనయ్యగారూ. నాను మా బావని సావమన్నాను," అన్నాను. ఆ మాట అప్పటి దాకా నేను ఎవరికీ చెప్పలేదు. అంతా చెప్పాను. మొద్దు, కత్తి, బొండాలు, అన్నీ.

ఆయన తల దించుకుని విన్నారు. నీ తప్పు లేదనలేదు, దేవుడు క్షమించాడనీ అనలేదు. అంతా అయ్యాక, "మరి ఆ మాట అన్నాక ఆయన్ని ఎంత దూరం మోశావు?" అని అడిగారు.

"సుమ్మాదేవి దాకా."

"ఆ బలం ఎవరిచ్చారు?"

వీధిలో వెళ్ళేవాళ్ళు మా వైపు చూసుకుంటూ పోయారు. ఆ తర్వాత నల్లబడిన నా చేతిని ఆయన తల మీద పెట్టాను. "తండ్రీ, అయ్యగారు రేపు ఆసుపత్రికి ఎల్తారు. తోడుండు," అన్నాను. అంతకంటే నాకు రాలేదు. ఆయన ఆమేన్ అని లేచి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ ఆదివారం నేను చర్చికి వెళ్ళి వెనక చాప మీద కూర్చున్నాను.

పాస్టరుగారు కిందటి ఏడు పోయారు. ఆయన నాకు నేర్పిందేమిటని ఎవరైనా అడిగితే ఏ బైబిలు వాక్యమూ చెప్పలేను. బాగుచెయ్యమని అడిగిన ప్రార్థనల్లో ఒక్కటీ మా ఇంట్లో నెరవేరలేదు. అది దాచి చర్చిలో సాక్ష్యం చెప్పడం నాకు చేతకాదు. కానీ పొద్దున్నే లేచి ఇంకో రోజు మొయ్యడానికి అడిగినప్పుడల్లా ఎంతో కొంత దొరికింది. కొన్నిసార్లు మరీ తక్కువ, సాయంత్రానికి అయిపోయేంత. దొరకని రోజు మాత్రం లేదు. నేను దేవుణ్ణి ఎరిగింది అంతవరకే.

మొన్న మా ఫ్యాక్టరీ దగ్గర శిబిరం పెట్టి అందరి రక్తం తీశారు. నా కాగితం వచ్చింది. అంకె రెండు దాటింది. వీధి మొదట్లో ఆగి రెండుసార్లు చదువుకున్నాను. ఇంటికొచ్చి మా అత్తకు చెప్పాను. ఆమెకు ఇప్పుడు చూపు సరిగ్గా ఆనదు. కాగితం తీసుకుని, చదవగలిగినట్టే తిప్పి చూసి, మడిచి బైబిలు కింద పెట్టింది.

"ఎప్పుడు రమ్మన్నారు డాక్టరు కాడికి?"

"సోమారం."

"సరే. కాళ్ళు కడుక్కుని రా. కూడు సల్లారిపోతంది."

కాళ్ళు కడుక్కుని వచ్చాను. అత్త ప్రార్థన చేసింది. ఇద్దరం తిన్నాం.